మైకేల్ ఫారడేయును ఆయన చుట్టిన తీఁగచుట్టయు

శాస్త్రజ్ఞుల చరిత్రములు చదువునపుడు మనము వారి బుద్ధివిశేషమును గూర్చి యెక్కువగా విందుము. వారి చేతిపనిని గూర్చి తక్కువగా విందుము. మన విద్యార్థులలోఁ గొందఱు సెలవుదినములలో రేడియో పరికరములు కూర్చుకొనుచు, నల్లని ఫెరైట్ వలయములకు రాగితీఁగ చుట్టి చిన్న ట్రాన్స్‌ఫార్మరులను జేయుచున్నారు. వారికిని, వారి పనిని వింతగాఁ జూచుచున్న తలిదండ్రులకును, వలయమునకుఁ దీఁగ చుట్టి లోకమునకు మేలు చేసిన యొక మహనీయుని చరిత్రము తెలిసియుండుట మంచిదని తలఁచి దీనిని వ్రాయుచున్నాము.

మైకేల్ ఫారడే 1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీని, నేఁడు లండను మహానగరములోఁ గలిసిపోయిన న్యూయింగ్టన్ బట్స్ అను చోట జన్మించెను. తండ్రి జేమ్సు కమ్మరి. తల్లి పేరు మార్గరెట్టు. ఆ దంపతుల నలుగురు బిడ్డలలో నీయన మూఁడవవాఁడు. తండ్రి తఱచుగా జబ్బుపడుచుండుటచే నింట దారిద్ర్యము నిలిచియుండెను. 1801వ సంవత్సరమున ధాన్యపు ధరలు మిక్కిలి పెరిగినపుడు తొమ్మిదేండ్ల యీ బాలునికి వారమంతటికి నొక్క రొట్టె మాత్రమే వంతు వచ్చెడిదఁట. చదువు విషయమునను అంతే. అక్షరములు చదువుట, వ్రాయుట, కొంచెము లెక్కలు కట్టుట, ఇంతకు మించి బడిలో నేర్చినది లేదు.

1804లో జార్జి రీబో అను పుస్తకవర్తకుని యంగడిలో మైకేలు పరుగుపనులు చేయు కుఱ్ఱవాఁడుగాఁ జేరెను. ఆ వర్తకుఁడు పుస్తకములను గుట్టి యట్టలు కట్టించు పనియు జరుపుచుండెను. బాలుని నమ్మకమును జూచి, మఱునాఁటి యేఁడు ఏమియు రుసుము పుచ్చుకొనకయే, పని నేర్చుకొనుటకు వానిని ఏడు సంవత్సరముల యొడంబడికతోఁ దన యొద్ద నుంచుకొనెను. కాగితములను సమముగా మడఁచుట, సూదిదారముతో బిగువుగాఁ గుట్టుట, జిగురు పూయుట, ముడుతలు పడకుండ గుడ్డయుఁ దోలును అంటించుట, ఇవి యక్కడ నేర్చిన పనులు. పై యట్ట యెంత యందముగా నున్నను లోపలి కుట్టు వదులైనచోఁ బుస్తకము నిలువదు; ఆ కుట్టు మాత్రము చదువరికిఁ గనఁబడదు. ఈ సంగతిని ఫారడే చేతులు చిన్ననాఁడే నేర్చుకొన్నవి.

అట్టలు కట్టుటకు వచ్చిన పుస్తకములను ఆయన చదువుచుండెను. సర్వవిషయసంగ్రహమైన బ్రిటానికా గ్రంథములో విద్యుచ్ఛక్తిని గూర్చిన వ్యాసమును, జేన్ మార్సెట్ అను నామె రచించిన రసాయనశాస్త్ర సంభాషణములును ఆయన మనస్సును మార్చినవి. చదివినదానిని నమ్మి యూరకుండక, తన వద్దనున్న కొలఁది డబ్బుతో చిన్న సామానులు కొని, వ్రాసినది నిజమగునో కాదో ప్రయోగము చేసి చూచుకొనెడివాఁడు.

1812లో నంగడికి వచ్చు విలియం డాన్స్ అను పెద్దమనిషి, రాయల్ ఇన్‌స్టిట్యూషనులో సర్ హంఫ్రీ డేవీ యిచ్చు ఉపన్యాసములకు మైకేలునకుఁ బ్రవేశపత్రము లిచ్చెను. మైకేలు నాలుగు ఉపన్యాసములు విని, పటములతోఁ గూడ నన్నిటిని చక్కఁగా వ్రాసి, తానే కుట్టి యట్ట కట్టి, ఆ పుస్తకమును డేవీకిఁ బంపి, శాస్త్రసేవలో నేదైన పని యిప్పింపుఁడని వేఁడుకొనెను. కొంతకాలమునకు నచట నొక పని ఖాళీ పడఁగా, 1813 మార్చి 1వ తేదీని ఫారడే ప్రయోగశాలలో సహాయకుఁడుగా నియమింపఁబడెను. జీతము వారమునకు 25 షిల్లింగులు. ఉండుటకు మేడమీఁద రెండు గదులు. పుస్తకములు కట్టిన చేతి నైపుణ్యమే యీ విధముగా నాయనకు శాస్త్రమందిరపు తలుపు తెఱచినది.

ఆ సంవత్సరము అక్టోబరులో డేవీతోఁ గలిసి యూరోపు దేశములు తిరిగి, 1815లో ఫారడే మరల లండను చేరెను. ఆ ప్రయాణములో డేవీ భార్య యీయనను సేవకునివలెఁ జూచుచుండుటచే మనస్సునకుఁ గష్టము కలిగెను గాని, గొప్ప శాస్త్రజ్ఞులఁ జూచి నేర్చుకొన్న లాభము దానికంటెఁ బెద్దది. 1821 జూన్ 12వ తేదీని సారా బర్నార్డ్ అను నామెను వివాహమాడెను. వీరిరువురు సాండిమేనియనులను చిన్న క్రైస్తవ సంఘమునకుఁ జెందినవారు. వారికి సంతానము లేదు.

1820లో డెన్మార్కు దేశస్థుఁడగు అయిర్‌స్టెడ్, తీఁగలో విద్యుత్ప్రవాహము పోవునపుడు దాపున నున్న దిక్సూచి సూది కదలునని కనిపెట్టెను. మఱుసటి యేఁడు ఫారడే, ప్రవాహము గల తీఁగ అయస్కాంతము చుట్టు నెడతెగక తిరుగునట్లు చేసి చూపెను. నేఁటి మోటారులన్నిటికి నదియే మూలము. అయితే వొల్లస్టన్ అను పెద్ద శాస్త్రజ్ఞుని యూహను తనదిగాఁ జెప్పుకొనెనను నింద యాయనపై వచ్చెను. మంచిపేరు తప్ప వేఱు ధనము లేని కమ్మరి కుమారునికి నది యెంతటి గాయమో ఊహింపవచ్చును. ఆయన వొల్లస్టనునే స్వయముగాఁ గలిసికొని, జరిగినది జరిగినట్లు విన్నవించుకొనెను. తన ప్రయోగములను తేదీలతో దినచర్యలో వ్రాసికొను నలవాటును తుదిదాఁక విడువలేదు. జరుగనిదానిని, విఫలమైనదానిని గూడ నందు వ్రాసెను.

ఇట్లుండఁగా నాయన మనస్సులో నొక ప్రశ్న నిలిచియుండెను. విద్యుచ్ఛక్తి వలన అయస్కాంతశక్తి పుట్టుచున్నదిగదా, అయస్కాంతశక్తి వలన విద్యుచ్ఛక్తి యేల పుట్టరాదు? 1825లో రెండు తీఁగలను కాగితము మాత్రమే యడ్డముగా నుంచి పక్కపక్కనఁ జేర్చి, ఒకదానిలో బ్యాటరీ ప్రవాహమును నడపి, రెండవదానిలో నేమైనఁ బుట్టునేమో చూచెను, ఏమియుఁ గనఁబడలేదు. ఆ సంవత్సరమే జెనీవా నగరమున కొల్లాడన్ అను శాస్త్రజ్ఞుఁడును ప్రయత్నించెను. అయస్కాంతము సూదిని నేరుగాఁ గదల్చునేమో యని జాగ్రత్తపడి యాయన సూదిని వేఱొక గదిలో నుంచెను. ఇక్కడ అయస్కాంతమును తీఁగచుట్టలో దూర్చి, అక్కడికి నడచిపోయి చూచునప్పటికి సూది కదలి మరల స్థిరపడియుండెడిది. ఆయన యెదుటనే యుండవలసిన సత్యము ఆ నడచిన కాలములోఁ జేయిజాఱెను.

ఫారడే యా తరువాతి సంవత్సరములలో దూరదర్శినులకు మంచి గాజు చేయు పనిలో నిమగ్నుఁడై, 1831లో మరల నీ ప్రశ్నకు వచ్చెను. ఆయన తీఁగ చుట్టిన విధమును మన బాలురు శ్రద్ధగాఁ జదువవలెను.

మెత్తని యినుముతో నొక వలయము చేయించెను. దాని వెలుపలి వ్యాసము 6 అంగుళములు. ఇనుపకమ్మి మందము ఒక అంగుళములో ఎనిమిదింట ఏడు వంతులు. వలయమున నొక సగమునకు మూఁడు రాగితీఁగలను, ఒక్కొక్కటి సుమారు 24 అడుగులది, చుట్టెను. రెండవ సగమునకు రెండు తీఁగలను, మొత్తము సుమారు 60 అడుగులు, చుట్టెను. రెండు ప్రక్కలకు నడుమఁ గొంత యెడము విడిచెను. నేఁటివలె ఎనామిలు పూసిన తీఁగ ఆనాఁడు లేదు. తీఁగ వట్టి రాగి. వలయము వట్టి యినుము. రెండును విద్యుత్తును బోనిచ్చునవే. తీఁగచుట్టు ప్రక్కచుట్టునకుఁ దగిలినను, లోపలి యినుమునకుఁ దగిలినను, ప్రవాహము తీఁగ పొడవునఁ దిరుగక దగ్గఱి దారిని దాఁటిపోవును. అప్పుడు నూఱు చుట్లు చుట్టినను అది రాగిముద్దయే యగును.

అందుచేత ఫారడే చుట్టునకుఁ జుట్టునకు నడుమఁ బురికొస నుంచెను. పొరకుఁ బొరకు నడుమఁ గాలికో యను నూలుగుడ్డను గప్పెను. (ఆ గుడ్డకు నా పేరు మన దేశపు పడమటి తీరమున నున్న కళ్లికోట రేవును బట్టి కలిగినది.) ఇట్లు తీఁగ, పురికొస, గుడ్డ, మరలఁ దీఁగ, పురికొస, గుడ్డ. ఎక్కడను లోహము లోహమునకుఁ దగులరాదు. గుడ్డ మడఁతపడి యుబ్బరాదు. తీఁగ వదులు కారాదు. పుస్తకము కుట్టిన చేతులకు నిది క్రొత్త పని కాదు. ఇంచుమించుగా నా కాలముననే అమెరికాలో ఆల్బనీ నగరమందలి జోసెఫ్ హెన్రీ యను బడి యుపాధ్యాయుఁడు తీఁగకుఁ బట్టు చుట్టి, పొరలు పొరలుగాఁ బేర్చి, బలమైన విద్యుదయస్కాంతములను జేయుచుండెను. ఆయనయుఁ దనంతఁ దానే యీ సత్యమునకుఁ జేరెను గాని, ఫారడే ముందుగాఁ బ్రకటించెను.

1831 ఆగస్టు 29వ తేదీని ఫారడే పది జతల పలకల బ్యాటరీని సిద్ధపఱచెను. వలయపు రెండవ ప్రక్కనున్న చుట్టల కొసలను, మూఁడడుగుల దూరమున నున్న యొక సూదిమీఁదుగాఁ బోవు తీఁగతోఁ గలిపెను. తరువాత మొదటి ప్రక్కనున్న యొక చుట్టను బ్యాటరీకిఁ దగిల్చెను. వెంటనే సూది కదలెను. ఊఁగి, మరలఁ దన చోటనే నిలిచెను. బ్యాటరీ యింకను దగిలియే యున్నది, ప్రవాహము పోవుచునే యున్నది, సూది మాత్రము కదలదు. బ్యాటరీని విడఁదీయఁగానే సూది మరలఁ గదలెను.

నిలుకడగాఁ బాఱు ప్రవాహమును ఎదురుచూచువాఁడు ఆ చిన్న కదలికను ఏదో కుదుపని త్రోసివేయును. ఫారడే త్రోసివేయలేదు. అయస్కాంతశక్తి స్థిరముగా నున్నంతకాలము ఏమియుఁ బుట్టదనియు, అది పెరుగునపుడును దఱుగునపుడును మాత్రమే రెండవ తీఁగలో విద్యుత్తు పుట్టుననియు క్రమముగా గ్రహించెను. రెండు చుట్టలకు నడుమ లోహపుఁ దాఁకుడు లేదు. ఆ సంగతి నిశ్చయముగాఁ దెలిసియుండుటచేతనే, సూదిని గదల్చినది బ్యాటరీనుండి జాఱివచ్చిన ప్రవాహము కాదని యాయన ధైర్యముగాఁ జెప్పఁగలిగెను. పురికొసయు గుడ్డయు సరిగా లేకున్నచో, సూది కదలినను దాని యర్థము తెలియకపోయెడిది. ఆ ప్రయోగమునకు సాక్షి సూది; ఆ సాక్ష్యమును నమ్మఁదగినదిగాఁ జేసినది గుడ్డ.

ఇంతటితోఁ దృప్తిపడక, ఇనుము లేకుండఁ గొయ్యమీఁద 203 అడుగుల తీఁగను, దాని చుట్ల నడుమ మఱియొక 203 అడుగుల తీఁగను, పురికొసతో వేఱుపఱచి చుట్టి చూచెను. అచటను నూఱు జతల బ్యాటరీకి సూది స్వల్పముగాఁ గదలెను. అక్టోబరు 17వ తేదీని కడ్డీ అయస్కాంతమును తీఁగచుట్టలోనికిఁ ద్రోసియు వెలికిఁ దీసియు విద్యుత్తును బుట్టించెను. అదే నెల 28న గొప్ప అయస్కాంతపు ధ్రువముల నడుమ రాగిబిళ్లను ద్రిప్పి యెడతెగని ప్రవాహమును బొందెను. నవంబరు 24న నీ సంగతులన్నియు రాయల్ సొసైటీలోఁ జదువఁబడెను. నేఁడు మన యిండ్లకు వచ్చు విద్యుచ్ఛక్తిలో నెక్కువ భాగమును బుట్టించు యంత్రములును, దానిని హెచ్చించి తగ్గించి పంపు ట్రాన్స్‌ఫార్మరులును, ఆ మూఁడు నెలల పనినుండి పుట్టినవే.

ఫారడే యడ్డుగా నుంచిన గుడ్డను మఱచిపోలేదు. విద్యుత్తును బోనీయని పదార్థము ఊరక నడుమఁ గూర్చుండునా, లేక తానును ఏదైన పని చేయునా యని విచారించి, గాజు, గంధకము, లక్క మొదలగు పదార్థముల నడుమ నుంచి చూచి, ఒక్కొక్క పదార్థము ఒక్కొక్క కొలఁదిని విద్యుద్బలమును దనలో నిలుపుకొనునని 1837లో స్థాపించెను. 1848లో గట్టాపెర్చా యను చెట్టుపాలతోఁ జేసిన పదార్థము విద్యుత్తును నిరోధించుటకు మిక్కిలి తగినదని ప్రకటించెను. తరువాత సముద్రపు టడుగునఁ బఱచిన తంతితీఁగలకు దానినే తొడిగిరి. అట్టి తీఁగలలో వార్తలు మందముగాఁ బోవుటకుఁ గారణమును 1854లో నాయనయే వివరించెను. లోపలి రాగికిని వెలుపలి నీటికిని నడుమనున్న తొడుగు విద్యుత్తును నిలువ చేయుచుండుటయే యా కారణము. రేడియోలోని కండెన్సరులను కొలుచు మానమునకు ఫారడే పేరును, తీఁగచుట్టలను కొలుచు మానమునకు హెన్రీ పేరును బెట్టుట న్యాయమే.

1885లో బుడాపెస్టు నగరమందలి గాంజ్ కర్మాగారపు ఇంజనీర్లు మువ్వురు, మూసిన యినుపచట్రముతోఁ బనికివచ్చు ట్రాన్స్‌ఫార్మరులను జేసిరి. రేడియోలో విద్యుత్తు క్షణమునకు లక్షలమాఱులు దిశ మార్చును. అంతటి వేగమునకు నినుపదిమ్మ పనికిరాదు. దానిలోనే సుడిప్రవాహములు పుట్టి వేఁడెక్కి శక్తి వ్యర్థమగును. అందుచే 1930లో టోక్యో నగరమున కాటో, టాకేయి అను వారును, 1940 తరువాతి సంవత్సరములలో హాలండు దేశపు ఫిలిప్స్ ప్రయోగశాలలో స్నూక్ అనువాఁడును ఫెరైట్ అను క్రొత్త పదార్థమును అభివృద్ధి చేసిరి. ఇనుపతుప్పువంటి పొడిలో మాంగనీసు, జింకు, నికెలు మొదలగువాని భస్మములను గలిపి, అచ్చులో నొత్తి, కుండలవలె ఆవములోఁ గాల్చి దీనిని జేయుదురు. అయస్కాంతగుణము కలదు, విద్యుత్తు సులభముగాఁ బోదు.

అయినను మన బాలురు మోసపోరాదు. మాంగనీసు జింకు కలిసిన ఫెరైట్ కొంతవఱకు విద్యుత్తును బోనిచ్చును. పూఁతలేని వలయపు టంచులు పదునుగా నుండి తీఁగమీఁది యెనామిలును గీకివేయును. కావున ముందు వలయమునకు సన్నని ఇన్సులేషను టేపును సమముగాఁ జుట్టవలెను. మొదటి వైండింగు ముగిసిన పిమ్మట మరల టేపు. దానిపై రెండవ వైండింగు. తీఁగను మెలిపడనీయరాదు. రెండు చుట్లు ఒకదానినొకటి యెనామిలు పోయినచోటఁ దాఁకినచో, ఆ యొక్క చుట్టులోనే ప్రవాహము గిరగిర తిరిగి వేఁడెక్కి, తక్కిన చుట్ల పనియంతయుఁ జెడును. చుట్టుట ముగిసిన పిమ్మట మీటరుతో రెండు వైండింగులకు నడుమను, ప్రతి వైండింగునకును వలయమునకును నడుమను పరీక్షించి, తాఁకుడు లేదని తెలిసికొన్న పిమ్మటనే బ్యాటరీ తగిల్పవలెను. ఇంటి గోడలోని విద్యుత్తునకు మాత్రము ఇంట చుట్టిన ట్రాన్స్‌ఫార్మరును ఎన్నఁడును గలుపరాదు. అది ప్రాణముతోఁ జెలగాటము.

ఫారడే జీవితపు తక్కిన భాగమును సంగ్రహముగాఁ జెప్పుదుము. కీర్తి వచ్చిన పిమ్మట ధనము సంపాదించు మార్గము లనేకము తెఱచుకొన్నను, వర్తకుల పనులను జాలవఱకు మాని పరిశోధననే కోరుకొనెను. సర్ అను బిరుదు నంగీకరింపలేదు; రాయల్ సొసైటీ అధ్యక్షపదవిని రెండుమాఱులు వలదనెను. గణితము రాని లోటును దాఁచుకొనలేదు. కంటికిఁ గనఁబడునట్టి బలరేఖలుగా నూహించి, గణితజ్ఞులకుఁ గూడ దారి చూపెను. 1827 మొదలు 1860 వఱకుఁ బందొమ్మిదిమాఱులు క్రిస్మసు సెలవులలో బాలబాలికలకు ఉపన్యాసములు చెప్పెను. వానిలోఁ గొవ్వొత్తిని గూర్చినవి 1861లో గ్రంథముగా వెలువడి నేఁటికిని జదువఁబడుచున్నవి. తన చిన్న సంఘములో పెద్దగా నుండి ఆదివారములయందు బోధించుచుండెను.

1840 ప్రాంతమునుండి జ్ఞాపకశక్తి తఱిగి, తలత్రిప్పుడు కలిగి, కొన్నేండ్లు పని మానవలసివచ్చెను. చేసిన పనిని మఱచి మరలఁ జేయుట శాస్త్రజ్ఞునకు గొప్ప దుఃఖము. ఆ దినచర్యపుస్తకములే అపుడాయనకు రెండవ జ్ఞాపకశక్తి యైనవి. 1845లో మరలఁ బని మొదలుపెట్టి, వెనుకటి సంవత్సరములలోఁ దాను చేసిన బరువైన గాజుముక్కతోనే అయస్కాంతబలము వెలుఁగుమీఁదఁ బనిచేయునని కనిపెట్టెను. నిష్ఫలమని యందఱును దలఁచిన పని యిట్లు ఫలించెను.

1858లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టు నందొక గృహము నుచితముగా నిచ్చెను. అచటనే 1867 ఆగస్టు 25వ తేదీని, తన కుర్చీలోఁ గూర్చుండియే, శాంతముగా మరణించెను. రాజులను మహాపురుషులను సమాధిచేసిన వెస్ట్‌మినిస్టరు దేవాలయమునఁ గాక, ఆయన కోరిక చొప్పున నాడంబరము లేకుండ హైగేట్ శ్మశానమున సమాధిచేసిరి. రాతిమీఁదఁ బేరును తేదీలును మాత్రమే కలవు.

ఆయన చుట్టిన వలయము నేఁటికిని లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనున భద్రపఱచఁబడియున్నది. రంగు మాసిన గుడ్డయు పురికొసయు దానిమీఁద నింకను గలవు. పరీక్షలో మార్కులు రాని పని, పైకిఁ గనఁబడని పని, పొగడువారు లేని పని మన పిల్లలకు దినదినమును ఎదురగుచునే యుండును. ఆ పనులలో నొక్క చుట్టైనను వదులుగాఁ జుట్టరాదని ఫారడే చరిత్రము నేర్పుచున్నది. మన విద్యార్థులు తమ చిన్న వలయములకుఁ దీఁగ చుట్టునపుడు ఆ పాత గుడ్డను దలఁచుకొందురు గాక.